నిద్రను కొలిచే చేతి బ్యాండ్: మహమ్మారి కాలపు రాత్రుల లెక్కలతో ఒక సమీక్ష

రాత్రంతా మణికట్టుకు ఉంచుకుంటే ఎన్ని గంటలు నిద్రపోయామో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, ఎంతసేపు గాఢనిద్రలో ఉన్నామో పొద్దున్నే ఫోన్‌లో చూపించి, ఆ నిద్రకు నూటికి ఇన్ని అని మార్కులు వేసే బ్యాండ్లు ఇప్పుడు మార్కెట్లో చాలానే ఉన్నాయి. వాటిలో మధ్యరకం ధర ఉన్న ఒకదాన్ని 2020 వేసవిలో, న్యూజెర్సీలోని న్యూ బ్రన్‌స్విక్‌లో ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో కొన్నాను. అదే అపార్ట్‌మెంట్‌లో నాతో కలిసి అద్దెకున్న నల్లజాతి యువతి కూడా అదే మోడల్ తీసుకుంది. ఇద్దరం ఇరవైల్లోనే ఉన్నాం, ఇద్దరం ఒకే విశ్వవిద్యాలయంలో చదువుతున్నాం. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాలు ఈ తరహా బ్యాండ్లన్నిటికీ ఎంతో కొంత వర్తించేవే. తర్వాత కొత్త మోడల్‌కు మారినా పాత ఖాతా అలాగే ఉండడంతో 2020, 2021 నాటి లెక్కలన్నీ యాప్‌లో భద్రంగా ఉన్నాయి. ఈమధ్య ఇద్దరం వాటిని మళ్లీ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూశాక, ఈ వస్తువు గురించి వివరంగా రాయవలసిన అవసరం ఉందనిపించింది.

వస్తువుగా చూస్తే ఫిర్యాదు చేయవలసినవి తక్కువ. చేతికి బరువుండదు, పక్కకు తిరిగి పడుకుంటే ఒత్తుకోదు, ఒకసారి చార్జింగ్ పెడితే దాదాపు వారం వస్తుంది. రబ్బరు పట్టీ కింద చెమట చేరితే దద్దుర్లు వస్తాయి కాబట్టి వేసవిలో గుడ్డ పట్టీ వేసుకోవడం మేలు. లోపల ప్రధానంగా రెండు పరికరాలు పనిచేస్తాయి. ఒకటి చేతి కదలికలను పట్టుకుంటుంది. రెండోది చర్మంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, రక్తప్రవాహం హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. చీకటి గదిలో బ్యాండ్‌ను కాస్త పైకెత్తితే ఆ ఆకుపచ్చ చుక్కలు మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. కదలిక తగ్గి, గుండె వేగం నెమ్మదిస్తే మనం నిద్రపోయినట్టు యంత్రం లెక్క వేసుకుంటుంది. మెదడులో ఏం జరుగుతోందో దానికి తెలియదు, కాబట్టి నిద్ర ప్రయోగశాలలో తలకు తీగలు అతికించి చేసే పరీక్షకు ఇది సాటిరాదు.

ఇలాంటి బ్యాండ్లను ఆ పరీక్షతో పోల్చిచూసిన అధ్యయనాల్లో పదేపదే తేలిన సంగతి ఒకటుంది. నిద్రను నిద్రగా గుర్తించడంలో ఇవి బాగానే ఉంటాయి, మెలకువను మెలకువగా గుర్తించడంలో వెనకబడతాయి. కదలకుండా పడుకుని కళ్లు తెరుచుకుని ఉన్న మనిషి కూడా వీటి లెక్కలో నిద్రపోతున్నట్టే. ఇది నాకు స్వయంగా అనుభవమైంది. 2020 జూలై 6న అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు ఒక ప్రకటన చేశారు. తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగే విశ్వవిద్యాలయాల్లోని విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలి, లేదా నేరుగా పాఠాలు చెప్పే మరో చోటికి మారాలి అన్నది దాని సారాంశం. అప్పటికి భారత్‌కు మామూలు విమానాలు మార్చి నుంచే ఆగిపోయి ఉన్నాయి, విదేశాల్లో చిక్కుకున్నవారి కోసం భారత ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానంలో సీటు దొరకడం గగనంగా ఉంది. జూలై 14న ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునేదాకా నాకు తెలిసిన తెలుగు విద్యార్థుల్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆ వారంలోని ఒక రాత్రి లెక్కను ఇప్పుడు తెరిచి చూస్తే, బ్యాండ్ నాకు ఏడు గంటల పైచిలుకు నిద్ర రాసి, 81 మార్కులు వేసి, పక్కన ఒక నక్షత్రం కూడా పెట్టింది. ఆ రాత్రి నేను గోడవైపు తిరిగి, చదువు కోసం తీసుకున్న లోను గురించి, తెల్లారి నాన్న ఫోన్ చేస్తే ఏం చెప్పాలన్నదాని గురించి ఆలోచిస్తూ పడుకుని ఉన్నాను. ఆందోళనతో నిద్ర పట్టని మనిషిని గుర్తించలేని యంత్రం, ఆందోళన ఎవరి జీవితాల్లో ఎక్కువగా ఉంటుందో వారి విషయంలోనే ఎక్కువగా పొరబడుతుంది. కొనేవారు అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

చర్మం రంగు విషయంలో చాలామంది నన్ను అడిగారు కాబట్టి తెలిసినంతలో వివరంగా చెబుతాను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది, అందువల్ల ముదురు రంగు చర్మం మీద ఇవి సరిగ్గా పనిచేస్తాయా అన్న సందేహం న్యాయమైనదే. అయితే 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివిధ బ్యాండ్లను పరీక్షించినప్పుడు, గుండె వేగం కొలతలో చర్మం రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బ్యాండుకూ బ్యాండుకూ మధ్య, కదలిక ఉన్నప్పటి కొలతకూ లేనప్పటి కొలతకూ మధ్య తేడాలే పెద్దగా కనిపించాయి. నా సహవాసి మణికట్టు మీద కూడా గుండె వేగం చూపడంలో మాకు లోపమేమీ తోచలేదు.

రాత్రిపూట రక్తంలో ఆక్సిజన్ శాతం చూపిస్తామని చెప్పే సదుపాయం సంగతి వేరు. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ఫలితాలు ఆసుపత్రుల్లో వేలికి తగిలించే ఆక్సీమీటర్ల గురించినవి. ఆ పరికరం 92 నుంచి 96 శాతం మధ్య చూపిస్తుండగా, రక్తం తీసి పరీక్షిస్తే నిజమైన శాతం 88 కన్నా తక్కువగా తేలిన సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. అంటే దాదాపు మూడు రెట్లు. ఊపిరితిత్తుల మీద దాడి చేసే జబ్బు ప్రపంచాన్ని చుట్టుముట్టిన ఏడాదిలో ఈ సంగతి బయటపడింది. మరుసటి ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఈ పరిమితి గురించి హెచ్చరిక జారీ చేసింది. ఆసుపత్రిలో వాడే పరికరమే ఇలా తప్పుతుంటే, మణికట్టు మీద వదులుగా ఉండే బ్యాండ్ చూపే అంకెను నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానుకోవడం ప్రమాదకరం. మా బ్యాండ్ పెట్టె మీద గానీ యాప్‌లో గానీ ఏ చర్మపు రంగులవారి మీద ఎంతవరకు పరీక్షించారన్న వివరం ఎక్కడా లేదు. ఆక్సిజన్ కొలతను గొప్పగా ప్రచారం చేసుకునే కంపెనీకి ఆ వివరం ఇవ్వడం కనీస బాధ్యత.

ఇన్ని పరిమితులున్నా, నిద్రపోయిన మొత్తం గంటలను నెలల తరబడి చూసుకోవడానికి ఈ బ్యాండ్ ఉపయోగపడుతుందని నేను నమ్ముతున్నాను. ఒక్క రాత్రి లెక్క తప్పవచ్చు గానీ, నెలల లెక్క ఒక తీరును చూపిస్తుంది. మా ఇద్దరి లెక్కల్లో కనిపించిన తీరు ఇది. లాక్‌డౌన్ మొదలయ్యాక నా క్లాసులు, నా క్యాంపస్ ఉద్యోగం రెండూ ఇంటి నుంచే సాగాయి. పొద్దున్నే బస్సు అందుకునే పని లేకపోవడంతో, ఆ జూలై వారంలాంటివి తీసేస్తే, 2020 వేసవిలోనూ శరత్కాలంలోనూ నేను పడుకునే వేళ ఆలస్యమైంది గానీ నిద్ర పెరిగింది. బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 139 మంది విద్యార్థుల మీద చేసి 2020లోనే ప్రచురించిన అధ్యయనం కూడా సరిగ్గా ఇదే చెప్పింది. ఇంటిపట్టున ఉండమన్న ఆదేశాలు వచ్చాక ఆ విద్యార్థుల నిద్ర పనిదినాల్లో సుమారు అరగంట పెరిగింది, పడుకునే వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమయ్యాయి. మహమ్మారి కాలంలో యువత హాయిగా నిద్రపోయిందన్న మాట ఇలాంటి లెక్కల మీదే నిలబడింది.

నా సహవాసి లెక్క అలా లేదు. ఆమె పగలు ఆన్‌లైన్ క్లాసులు వింటూ, రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఆరు దాకా ఒక గోదాములో పార్సెళ్లు సర్దే పని చేసేది. ఊరంతా ఇంట్లో కూర్చుని సరుకులు తెప్పించుకుంటున్న కాలంలో ఆ పని రెట్టింపయింది. ఇంటికి వచ్చి స్నానం చేసి, మాస్కులు ఉతికి ఆరేసి, ఎనిమిదింటికి పడుకుంటే పదకొండున్నరకు క్లాసు కోసం లేవాలి. మళ్లీ సాయంత్రం ఒక రెండు గంటలు కునుకు తీసేది. బ్యాండ్ ఆమె పొద్దుటి నిద్రను మాత్రమే అసలు నిద్రగా తీసుకుని మార్కులు వేసేది. సాయంత్రపు నిద్రను కునుకుల జాబితాలోకి నెట్టి మార్కుల్లో కలపకుండా వదిలేసేది. యాభై దాటని మార్కుల కింద రోజూ దాదాపు ఒకే సలహా కనిపించేది: "మీరు పడుకునే వేళ క్రమంగా లేదు. ఈ రాత్రి అరగంట ముందు పడుకోవడానికి ప్రయత్నించండి." రాత్రి పదింటికి టైమ్ కార్డు గీకవలసిన మనిషికి ఆ మాట ఏ విధంగా పనికొస్తుంది? కొంతకాలానికి ఆమె మార్కులు చూడడమే మానేసింది. నిద్ర గురించి యంత్రం పెట్టే బెంగతోనే నిద్ర మరింత చెడిపోయిన రోగులను అమెరికా వైద్యులు 2017లోనే గుర్తించి రాశారు కాబట్టి, ఆమె చేసిన పని సరైనదే.

ఆమె కథ ఆమె ఒక్కదానిదే కాదు. మహమ్మారికి ముందు, 2017–18లో అమెరికా కార్మిక గణాంక శాఖ సేకరించిన లెక్కల ప్రకారం ఇంటి నుంచి పని చేయగల వీలున్నవారు ఆసియా సంతతి ఉద్యోగుల్లో 37 శాతం, తెల్లజాతివారిలో 29.9 శాతం, నల్లజాతివారిలో 19.7 శాతం, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోల్లో 16.2 శాతం మాత్రమే. ఇంటిపట్టున ఉండమని ఆదేశం వచ్చిన రోజున ఎవరి నిద్ర పెరుగుతుందో, ఎవరి నిద్ర తరుగుతుందో చాలావరకు ఈ నాలుగు అంకెలే నిర్ణయించాయి. నాకు దక్కిన అదనపు నిద్ర నా క్రమశిక్షణ వల్ల వచ్చింది కాదు. అయినా బ్యాండ్ నాకు ప్రతి వారం అభినందనలు పంపుతూనే ఉంది.

పైగా ఈ తేడా కోవిడ్‌తో పుట్టినది కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2014లో చేసిన సర్వేలో, రోజుకు కనీసం ఏడు గంటలు నిద్రపోతున్నామని చెప్పిన పెద్దలు తెల్లజాతివారిలో 66.8 శాతం ఉండగా, లాటినోల్లో 65.5, ఆసియావారిలో 62.5, నల్లజాతివారిలో 54.2 శాతం ఉన్నారు. 2004 నుంచి 2018 దాకా జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలను కలిపి చూసిన మరో అధ్యయనంలో నల్లజాతివారికీ తెల్లజాతివారికీ మధ్య నిద్రలోని అంతరం తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. ఆదాయం బాగా ఉన్న నల్లజాతి కుటుంబాల్లోనూ ఆ అంతరం కనిపించింది. ఇవన్నీ మనుషులు నోటితో చెప్పిన లెక్కలు కదా అనేవారికి సమాధానం చికాగోలో దొరుకుతుంది. 1985–86లో 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసులో ఒక గుండె అధ్యయనంలో చేరినవారికే, వారు నలభైలకు అటూ ఇటూ వచ్చాక, మా బ్యాండ్ లాంటి కదలికల పరికరాన్ని మణికట్టుకు కట్టి చూశారు. సగటు నిద్ర తెల్లజాతి మహిళల్లో 6.7 గంటలు, తెల్లజాతి పురుషుల్లో 6.1, నల్లజాతి మహిళల్లో 5.9, నల్లజాతి పురుషుల్లో 5.1 గంటలు. ఉద్యోగం, ఆదాయం, కుటుంబ పరిస్థితులు అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు. పరిశోధకుల చేతిలో సమాజంలోని అసమానతను బయటపెట్టిన పరికరమే, కొనుగోలుదారు చేతికి వచ్చేసరికి ఆ అసమానతను వ్యక్తి దురలవాటుగా చూపిస్తోంది. ఈ వస్తువు మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

ఆదాయం ఉన్నా మిగిలిపోయే ఆ తేడాకు కారణాల్లో ఒకటి, నిరంతరం అప్రమత్తంగా ఉండవలసి రావడం. ఎవరు ఎలా చూస్తారో, బయటికి వెళ్తే ఏం జరుగుతుందోనని రోజంతా కాచుకుని ఉండే మనసు పక్క మీద వాలగానే ఆ కాపలా మానుకోదు. ఇలాంటి అప్రమత్తతకూ నిద్రలేమికీ సంబంధం ఉందని చికాగోలోనే జరిగిన మరో పరిశోధన చూపించింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక కొన్ని వారాల పాటు నా సహవాసి ఫోన్ పక్కన పెట్టుకునే పడుకునేది, ఎందుకంటే ఆమె తమ్ముడు రాత్రిపూట కారులో పనికి వెళ్లి వచ్చేవాడు. మేం బ్యాండ్లు కొన్నది ఆ వేసవిలోనే కాబట్టి, తమ్ముడు ఇల్లు చేరానని మెసేజ్ పెట్టేదాకా సెలవు రోజుల్లో కూడా ఆమె నిద్ర మొదలుకాని రాత్రులు గ్రాఫులో స్పష్టంగా ఉన్నాయి. ఆసియావారికీ ఆ ఏడాది ఆ కాపలా తప్పలేదు. 2020 మార్చి 19 నుంచి 2021 ఫిబ్రవరి 28 వరకు తమకు 3,795 వేధింపు, దాడి ఘటనల సమాచారం అందిందని ఆసియా సంతతివారి మీద ద్వేషపూరిత ఘటనలను నమోదు చేసే స్టాప్ ఏఏపీఐ హేట్ అనే సంస్థ ప్రకటించింది. మహమ్మారి కాలంలో జాతి వివక్షకు గురైన ఆసియావారిలో ఆందోళన, కుంగుబాటుతోపాటు నిద్ర ఇబ్బందులు కూడా ఎక్కువగా ఉన్నాయని 2021లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అందుకే ఆసియా సంతతి అంటే ఇంటి నుంచి పని, హాయైన నిద్ర అని ఒక్క ముక్కలో తేల్చేయడం కూడా తప్పే.

శబ్దం మరో కారణం. మా అపార్ట్‌మెంట్ రైలు మార్గానికి దగ్గర. తక్కువ అద్దె కావాలంటే అలాంటి చోటే దొరుకుతుంది. అమెరికా మొత్తానికి శబ్ద తీవ్రతను అంచనా వేసి 2017లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, పట్టణాల్లో నల్లజాతివారు 75 శాతం ఉన్న పేటల్లో రాత్రి శబ్దం 46.3 డెసిబెల్‌లు, నల్లజాతివారు అసలే లేని పేటల్లో 42.3 డెసిబెల్‌లు. రాత్రి బయటి శబ్దం 40 డెసిబెల్‌లు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో ఇచ్చిన సూచన. మా యాప్‌కు ఫోన్ మైకు వాడుకునే అనుమతి ఉంది, దానితో గురకను రికార్డు చేస్తుంది. అదే మైకుతో వీధి శబ్దాన్ని కొలిచి, మెలకువ వచ్చిన నిమిషంలో బయట ఏం మోగిందో చూపించడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. చూపించదు.

యాప్‌లో "మీలాంటివారితో పోల్చి చూడండి" అనే పేజీ ఒకటుంది. అది వయసు, ఆడా మగా అన్న రెండే వివరాలతో పోలుస్తుంది. జాతిని కూడా కలిపితే బాగుంటుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. నల్లజాతి యువతికి ఆరు గంటలే మామూలు అని యాప్ చెప్పడం మొదలుపెడితే, అన్యాయం వల్ల తగ్గిన నిద్రే ఆమె సహజమైన కొలమానమైపోతుంది. కిడ్నీ పనితీరు లెక్కల్లో నల్లజాతివారికి వేరే సూత్రం వాడే పద్ధతిని తీసేయాలని అమెరికా కిడ్నీ వైద్య సంఘాలు 2021లో సిఫార్సు చేశాయి. అదే తప్పును నిద్ర విషయంలో కొత్తగా మొదలుపెట్టకూడదు. ఏడు గంటల లక్ష్యం అందరికీ ఒకటిగానే ఉండాలి. ఆ లక్ష్యం చేరకపోవడానికి కారణం రాసుకునే వీలు మాత్రం ఇవ్వాలి. షిఫ్టు, శబ్దం, ఉక్కపోత, ఇంట్లో రోగి, భయం – వీటిలో ఏదో ఒకదాన్ని గుర్తుపెట్టే చిన్న గడి చాలు. ఇప్పుడున్న యాప్‌లో మద్యం, కాఫీ, ఆలస్యంగా తిన్న భోజనం అనే మూడు గడులే ఉన్నాయి. మూడూ మన తప్పుల జాబితాయే.

రాత్రి డ్యూటీ చేసేవారికి ఈ బ్యాండ్ పనికిరాదన్న మాట హైదరాబాద్‌కూ వర్తిస్తుంది. అమెరికా వేళలకు పనిచేసే మా పిన్ని కూతురు గచ్చిబౌలిలో ఇదే బ్యాండ్ పెట్టుకుంటుంది. తెల్లారాక మందపాటి కర్టెన్లు వేసుకుని పడుకునే ఆమెకు కూడా రోజూ తక్కువ మార్కులే పడుతున్నాయి. పగటి నిద్రను అసలు నిద్రగా ఎంచుకునే వీలు ఉందో లేదో కొనే ముందే విచారించుకోవాలి.

నిజంగా నిద్ర పట్టక బాధపడుతున్నవారు బ్యాండ్ కన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. నిద్రలేమికి మందులు లేకుండా, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్సను ఆన్‌లైన్‌లో అందించవచ్చని చాలా పరీక్షల్లో రుజువైంది. 2022లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో నిద్రలేమి ఉన్న 333 మంది నల్లజాతి మహిళలు పాల్గొన్నారు. కొందరికి మామూలు కోర్సు, కొందరికి వారి జీవితాలకు తగ్గట్టు మార్చిన కోర్సు, మిగతావారికి సమాచారం మాత్రమే ఇచ్చారు. రెండు కోర్సులూ నిద్రను బాగుచేశాయి. కానీ మామూలు కోర్సును చివరిదాకా పూర్తి చేసినవారు 64.8 శాతం ఉంటే, తమ జీవితాలకు తగ్గట్టు మార్చిన కోర్సును పూర్తి చేసినవారు 78.2 శాతం ఉన్నారు. మన పరిస్థితి తెలిసినట్టు మాట్లాడే సలహాను మనిషి చివరిదాకా వింటాడని ఈ అంకెలు చెబుతున్నాయి. అమెరికా మాజీ సైనికుల శాఖ ఉచితంగా ఇస్తున్న ఇన్సోమ్నియా కోచ్ అనే యాప్‌లో నిద్ర డైరీ, వారం వారం శిక్షణ ఉన్నాయి. డైరీలో పడుకున్న వేళ, లేచిన వేళ, మెలకువగా ఉన్నంతసేపు మనమే రాస్తాం కాబట్టి, గోడవైపు తిరిగి పడుకున్న రాత్రి నిద్రపోయిన రాత్రిగా నమోదు కాదు.

ఇక కొనాలా వద్దా అన్నది. క్రమమైన పగటి ఉద్యోగమో చదువో ఉండి, రాత్రి ఫోన్ పట్టుకుని ఎంతసేపు గడుపుతున్నారో తెలుసుకోవాలనుకునేవారికి ఇది పెట్టిన డబ్బుకు తగిన వస్తువే, ఐదుకు మూడున్నర ఇస్తాను. గాఢనిద్ర నిమిషాలనూ మార్కులనూ పట్టించుకోకుండా, నెలవారీ సగటు గంటలు మాత్రం చూసుకుంటే సరిపోతుంది. షిఫ్టుల్లో పనిచేసేవారికి ఒకటిన్నరకు మించి ఇవ్వలేను. ఆక్సిజన్ కొలత కోసమే కొనాలనుకునే ముదురు చర్మపు రంగువారు, అంటే మన తెలుగువారిలో చాలామంది, ఆ ఒక్క కారణంతో ఖరీదైన మోడల్‌కు వెళ్లవద్దు. నెలవారీ చందా కట్టకపోయినా పాత లెక్కలు పోవు, వాటిని ఫైలుగా దింపుకోవచ్చు. నా సహవాసి ఇప్పుడు పగటి ఉద్యోగంలో ఉంది, బ్యాండ్ ఇంకా వాడుతోంది, సలహాల నోటిఫికేషన్లు మాత్రం ఆపేసుకుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద మూడో వరుసలో ఆ మీట ఉంటుంది.